శూన్యం నిత్యమా? వైకల్పికమా?

'విశ్వం శూన్యంలోనుంచి పుట్టిందని ఆధునిక భౌతికశాస్త్రం తేల్చింది' అన్న వాక్యాన్ని మన విజ్ఞాన వ్యాసకర్తలు మంత్రంలా వల్లిస్తున్నారు. 'మన ఋషులు ఈ మాట ఏనాడో చెప్పారు' అని కొందరు దానికొక తోక తగిలిస్తారు. 'కనుక దేవుడు లేడు' అని మరికొందరు ఇంకొక తోక తగిలిస్తారు. ఇరుపక్షాలవారినీ నేనడిగేది ఒక్కటే: అయ్యా, ఏ శూన్యం?

క్వాంటం క్షేత్ర సిద్ధాంతంలో శూన్యమంటే ఏమీ లేకపోవడం కాదు. క్షేత్రం ఉంటుంది, అది కణమొక్కటీ లేని కనిష్ఠ శక్తిస్థితిలో ఉంటుంది. క్షేత్రాన్ని అసంఖ్యాక తరంగాలుగా విడదీసి, ఒక్కొక్క తరంగాన్ని ఒక్కొక్క ఊయలగా భావించి లెక్కకడతారు. దేశకాలంలో మార్పు లేకపోతే ఊయల లయ మారదు. కనిష్ఠస్థితి ఏదన్న ప్రశ్నకు జవాబు ఒక్కటే. కాని మన విశ్వం వ్యాకోచిస్తున్నది. తరంగాలు సాగుతున్నాయి, లయ మారుతున్నది. ఈ క్షణాన కనిష్ఠమైన స్థితి మరొక క్షణాన కనిష్ఠం కాదు. నిన్నటి శూన్యాన్ని నేటి కొలతతో కొలిస్తే అందులో కణాలు కనబడతాయి!

1939లోనే ష్రోడింగర్ దీని జాడ కనిపెట్టి కలవరపడ్డాడు. 1960ల్లో లెనర్డ్ పార్కర్ ఈ కణోత్పత్తిని క్రమబద్ధంగా లెక్కించాడు. ఒకే క్షేత్రాన్ని రెండు న్యాయసమ్మతమైన పద్ధతుల్లో క్వాంటీకరిస్తే రెండు వేర్వేరు శూన్యాలు వస్తాయని 1973లో స్టీఫెన్ ఫుల్లింగ్ చూపాడు. ఊయలలు పరిమితమైతే పద్ధతులన్నీ చివరకు సమానార్థకాలే. అవి అనంతమైనప్పుడు ఆ హామీ లేదు.

మన వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, మార్పులేని దేశకాలంలో శూన్యం ఉత్వసంధి వలె నిత్యం. వ్యాకోచించే దేశకాలంలో ఇత్వసంధి వలె వైకల్పికం. 'ఏమంటివి' సాధువే, 'ఏమియంటివి' సాధువే. అయితే ఒక భేదమున్నది. ఆ రెండు రూపాలకూ అర్థం ఒక్కటే. ఈ రెండు శూన్యాలకు కణాల లెక్కే వేరు. అందువల్ల ఏది గ్రహించారో చెప్పక తప్పదు.

'శాస్త్రజ్ఞులకే తేలలేదన్నమాట, అంతా ఊహాగానమే' అని సంబరపడేవారికి కూడ ఒక మాట. వికల్పమంటే విశృంఖలత్వం కాదు. 'ఏమింటివి' అంటే ఏ పండితుడూ ఒప్పడు. అతి హ్రస్వ తరంగాలకు వ్యాకోచం సోకదు గనుక అక్కడ శూన్యం సాధారణ శూన్యం వలెనే ఉండాలని శాస్త్రజ్ఞులు నియమం పెట్టుకున్నారు. దానికి లొంగనివాటిని త్రోసిపుచ్చుతారు.

ఈ నియమం వెనుక పెద్ద విషయమే ఉన్నది. ఆదిలో విశ్వం అతివేగంగా ఉబ్బినప్పుడు శూన్యంలోని కదలికలే గెలాక్సీలకు బీజాలైనాయని నేటి ప్రబల సిద్ధాంతం. ఆ లెక్కకు ఆధారం బంచ్, డేవిస్ అనే ఇద్దరి పేరిట 1978 నుండి ప్రసిద్ధమైన శూన్యం. సుదూర గతంలో ప్రతి తరంగమూ వ్యాకోచం సోకనంత చిన్నది గనుక అక్కడ సాధారణ శూన్యాన్నే గ్రహించాలన్నది దాని యుక్తి. 2018లో వెలువడిన ప్లాంక్ ఉపగ్రహ ఫలితాలతో ఆ లెక్క చక్కగా పొసగింది. అది మంచి ఎంపిక, సమర్థించదగిన ఎంపిక, కాని ఎంపికే. సౌష్ఠవమొక్కటే ఆధారమనుకుంటే, ఆ ఉబ్బుదలకు ఆదర్శ నమూనా అయిన డిసిట్టర్ విశ్వంలో ద్రవ్యరాశి గల క్షేత్రానికి అర్హమైన శూన్యాలు అనంతం. ద్రవ్యరాశి లేక, వక్రతతో నేరుగా ముడిపడని క్షేత్రానికి ఒక్కటీ లేదని 1985లో బ్రూస్ ఆలెన్ చూపాడు.

ఇంత చర్చను ఒక్క 'శూన్యం' అన్న మాటలో పూడ్చిపెట్టి, దానిమీద ఒకరు ఆలయం, మరొకరు నాస్తిక మందిరం కడుతున్నారు. పునాదిలో ఏ ఇటుక వేశారని అడిగితే ఇద్దరికీ కోపమే! ఉపనిషత్తు గొప్పదనానికి ఈ అరువు ప్రమాణం అక్కరలేదు. హేతువాదానికి ఈ అస్పష్టత శోభనివ్వదు.

అర్థం నిర్ణయించని పదంతో వాదం సాగించడం తర్కమూ కాదు, సాహిత్యమూ కాదు. ఇకపై శూన్యమని వ్రాసేవారు, ఎవరి గడియారంతో, ఏ నియమంతో ఎంచిన శూన్యమో ఒక్క వాక్యం చేర్చవలసిందిగా మనవి. ఆ ఒక్క వాక్యం వ్రాయలేనివారు విశ్వోత్పత్తిని కొంతకాలం విడిచిపెట్టడం భాషకూ శాస్త్రానికీ మేలు.