గట్టు మీది తంగేడు

భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో ఆరంభమై, తొమ్మిది దినములు సాగి, సద్దుల బతుకమ్మతో ముగియు పండుగకు ప్రాణము తోటపూలు కావు, తంగేడు, గునుగు. ఎవరును విత్తనము చల్లకయే, నీరు పోయకయే, గట్ల మీదను బీళ్లలోను ఇవి పూచును. దేవతకు పూలు సమర్పించుట అంతటను కలదు. పూలనే దేవతగా పేర్చి కొలుచుట తెలంగాణపు విశేషము. 2014లో రాష్ట్రము ఏర్పడిన పిదప తంగేడును రాష్ట్ర పుష్పముగాను, బతుకమ్మను రాష్ట్ర పండుగగాను ప్రకటించిరి. పూవునకు గౌరవము పెరిగినది; చోటు మాత్రము తరిగినది.

కారణములు సిద్దిపేట జిల్లాలో కంటికి కనిపించునవే. జొన్న, సజ్జ చేలలో గునుగు సహజముగా మొలచెడిది. 2020లో రంగనాయక సాగరమునకు, కొండపోచమ్మ సాగరమునకు గోదావరి జలములు చేరినవి, వరి విస్తరించినది. నీరు వచ్చుట మేలే. కాదనువాడు మెట్టరైతు కష్టము నెరుగనివాడు. కాని గట్లు సన్నబడినవి. కలుపుమందు గట్టు మీదికిని ఎక్కినది. ఊరి చెంతనున్న బీడు ఇండ్ల స్థలమైనది. నేడు పట్టణ స్త్రీలు తంగేడు కట్టను అంగడిలో కొనుచున్నారు.

నష్టము పండుగకు మాత్రమేనా? తంగేడు ఏండ్ల తరబడి బ్రతుకు పొద. వేరు పాతుకొని అనావృష్టికి ఓర్చును, గట్టు మట్టిని పట్టి నిలుపును. పశువులు అంతగా మేయవు గనుక కంచె అక్కరలేదు. దాని ఆకు తిని కొన్ని జాతుల సీతాకోకచిలుకల పురుగులు పెరుగును. పూవున మకరందము లేదు; పుప్పొడి కేసరముల కొనలందలి సన్నని రంధ్రములలో దాగియుండును. తుమ్మెద పూవును పట్టుకొని ఝుమ్మని అదరించిననే అది రాలును. వంగపూవు నిర్మాణమును ఇట్టిదే.

వరికి తుమ్మెదతో పనిలేదు. అది చాలవరకు తన పూవులోనే తాను ఫలించును. అందుచే వరి రైతునకు తుమ్మెద పోయిన సంగతి తెలియదు. అతడే వంగయో, కాకరయో, పొద్దుతిరుగుడో వేసిననాడు, పూత నిలువక, గింజ కట్టక తెలియవచ్చును.

ఇంగ్లండు, వేల్సు దేశములలో 1930 తరువాతి అర్ధశతాబ్దమున పూలబయళ్లలో నూటికి 97 వంతులు నశించినవి. నేడు అచ్చటి ప్రభుత్వములు రైతులకు ధనమిచ్చి పొలముల అంచులందు పూలమొక్కలు వేయించుచున్నవి. పోగొట్టుకొని కొనుటకంటె ఉన్నదానిని కొట్టకుండుట చౌక.

పొదలలో ఎలుకలు, పాములు చేరునని రైతు అనును. ఆ మాటలో నిజము లేకపోలేదు. పొలము నడుమ మొలచిన గునుగును కలుపుగా తీయుటయు అతని హక్కే. ప్రతి గట్టును విడువనక్కరలేదు. పొలమునకు ఒక వైపు గట్టు, బాట అంచు, బడి ప్రహరీ పక్క చాలును. అచ్చట కలుపుమందు చల్లకుండిన గునుగు తానే రాలి తానే మొలచును.

తంగేడునకు పాఠశాలలు పూనుకొనవచ్చును. పండుగ పిమ్మట కాయలు ఎండగానే విద్యార్థులు గింజలు సేకరింపవలెను. గింజ పైపొర గట్టిది. వేడినీట నానవేసి తొలకరికి విత్తవలెను. ఏ పూవుపై ఏ తుమ్మెద వాలినదో వ్రాసికొనిన, ప్రకృతిశాస్త్రమునకు అంతకు మించిన పాఠము లేదు.

ఏటేటా కోమటిచెరువున బతుకమ్మలను సాగనంపు పట్టణమిది. గట్టుపై బ్రతుకనీయని పూవును పళ్లెరమున పేర్చి బతుకమ్మా యని పిలుచుట పొసగదు.