కెర్నెల్ పాఠము పరీక్షకే పరిమితమా?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల విద్యార్థులకు "బస్సు", "డ్రైవరు" అను మాటలు వినగానే ఆర్.టి.సి. బస్సు స్టాండు స్ఫురించుట సహజము. కంప్యూటరు శాస్త్రమునందు కూడ ఈ రెండు పదములు కలవు. వాని నిర్వచనములను పరీక్షకై కంఠస్థము చేయుట, పరీక్ష ముగిసిన మరునాడే మరచుట మనలో అలవాటైనది. ఈ అలవాటును మాన్పవలెననియు, అందులకు తగిన సాధనములు మన చెంతనే యున్నవనియు మా అభిప్రాయము.

కెర్నెల్ అనగా ఆపరేటింగ్ సిస్టమునకు గర్భాలయము వంటిది. ప్రాసెసరు, మెమరీ, డిస్కు, కీబోర్డు మున్నగు వానిపై పెత్తనము దానిదే. ఈ పరికరములను కలుపు ఉమ్మడి మార్గమే బస్సు. 1992లో ఇంటెల్ సంస్థ వెలువరించిన పీసీఐ బస్సునందు ప్రతి పరికరమును తన నిర్మాత సంఖ్యను, తన రకపు సంఖ్యను తనయందే దాల్చియుండును. యంత్రము మేల్కొనగానే కెర్నెల్ ఒక్కొక్క స్థానమును పలుకరించి ఆ సంఖ్యలను చదువును. జవాబులో అన్నియు ఒకట్లే వచ్చినచో ఆ స్థానము ఖాళీ యని గ్రహించును. పరికరమున్నచో, ఆ సంఖ్యలను తన జాబితాలో ప్రకటించిన డ్రైవరును వెదకి, దానికి ఆ పరికరమును అప్పగించును. డ్రైవరు ఆ పరికరమును పరీక్షించి, తాను నడపగలనో లేదో తేల్చి చెప్పును. 1996లో వచ్చిన యూఎస్‌బీ బస్సునందు యంత్రము నడుచుచుండగనే పరికరమును తగిలింపవచ్చును, తీసివేయవచ్చును. ఇట్టి భిన్నములైన బస్సులన్నిటిని "బస్సు, పరికరము, డ్రైవరు" అను ఒకే పద్ధతి క్రిందికి 2003 డిసెంబరులో వెలువడిన లినక్స్ 2.6 కెర్నెల్ తీసికొని వచ్చినది.

తెలుగు, ఉర్దూ భాషలు రెండును చదువుకొను మన కళాశాలకు ఇందొక విశేషము కలదు. యూఎస్‌బీ కీబోర్డుపై "కె" మీటను నొక్కినపుడు అది పంపునది అక్షరము కాదు, 14 అను సంఖ్య. లినక్స్ లోని డ్రైవరు దానిని 37 గా మార్చి పై అంతస్తునకు పంపును. అచ్చట మనమెంచుకొన్న అమరికను బట్టి, తెలుగు ఇన్‌స్క్రిప్టులో అది "క" యగును. ఉర్దూ ఫొనెటిక్ అమరికలో "కాఫ్" అగును. కావున కెర్నెల్‌కు ఏ భాషయు స్వభాష కాదు, ఏ భాషయు పరభాష కాదు. కంప్యూటరు ఆంగ్లము బాగుగ వచ్చినవారి సొత్తు అను సంకోచము మన విద్యార్థులకు అనవసరము.

డ్రైవరునకు గల అధికారము ఎంత గొప్పదో, దాని వలన కలుగగల కీడును అంతటిదే. సాధారణ ప్రోగ్రాము చెడినచో అదొక్కటియే ఆగును. కెర్నెల్ లోపల నడచు డ్రైవరు చెడినచో యంత్రమంతయు నిలిచిపోవును. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను భద్రతా సంస్థ పంపిన దోషయుక్తమైన ఒక చిన్న దస్త్రమును విండోస్ కెర్నెల్ లోనున్న ఆ సంస్థ డ్రైవరు చదువగా, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము 85 లక్షల యంత్రములు స్తంభించినవి. హైదరాబాదులో విమాన ప్రయాణికునికి బోర్డింగు పాసును చేతితో వ్రాసి ఇచ్చిన ఘట్టమును పలువురు చూచిరి. ఇట్టి కీలకమైన విద్యను నాలుగు మార్కుల ప్రశ్నగా మిగుల్చుట ఎంతవరకు సమంజసము?

"బీద కుటుంబముల నుండి వచ్చు విద్యార్థులకు ఉద్యోగమిచ్చు చదువు కావలెను గాని, ఈ లోతులెందుకు?" అని కొందరనవచ్చును. హైదరాబాదు, బెంగుళూరు నగరములలో చిప్పులను రూపొందించు సంస్థలకు డ్రైవర్లు వ్రాయగలవారి అవసరము కలదు. మరియు ఈ చదువునకు ధనము అడ్డు కాదు. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ మూలపాఠమును ఎవ్వరైనను రుసుము లేకుండ చదువవచ్చును, దిద్దవచ్చును. లోపించినది అవకాశము కాదు, అభ్యాసము. ఆళ్లగడ్డ శిల్పులు శిలల పేర్లు వల్లించి శిల్పులు కాలేదు. ఉలి చేతబట్టి అయినారు.

కావున కళాశాల పాలక సంఘము వారికి మా విన్నపములు రెండు. మొదటిది, పాతబడిన కంప్యూటర్లలో నాలుగైదింటిని పాత సామాను క్రింద విక్రయింపక, లినక్స్ అభ్యాసమునకై ప్రత్యేకింపవలెను. విద్యార్థి వ్రాసిన డ్రైవరు తప్పై యంత్రము నిలిచిపోయినను, కార్యాలయపు పనికి గాని ఇతరుల చదువునకు గాని భంగము కలుగదు. రెండవది, క్రొత్త ప్రింటరు గాని స్కానరు గాని కొనుటకు ముందు, మూలపాఠము బహిరంగముగా లభించు డ్రైవరు దానికి కలదా యని విచారింపవలెను. నిర్మాత తన డ్రైవరును క్రొత్త ఆపరేటింగ్ సిస్టమునకు సవరింపక మానివేసినచో, బాగుగ పనిచేయు పరికరము కూడ మూలబడును. మూలపాఠము మన చేతనున్నచో దానిని మనవారే సవరింపగలరు.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. లినక్స్ యంత్రము నెదుట కూర్చుండి "ఎల్‌ఎస్‌పీసీఐ" అను ఆజ్ఞను ఇచ్చి చూడుడు. ఆ యంత్రపు పీసీఐ బస్సుపై నున్న పరికరములు వరుసగా కనిపించును. వానిలో ఒక్కదానిని ఎన్నుకొని, దానిని నడపు డ్రైవరు ఏదో తెలిసికొని, దాని మూలపాఠములో పది పంక్తులు చదువుడు. తరువాతి పది పంక్తులను చదువుమని ఎవ్వరును మీకు చెప్పనక్కరలేదు.