స్తుతించండి... కాని నొప్పిని దాచుకోకండి!

గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. ఆమె వయసు 62. పదేళ్లుగా షుగరు, రక్తపోటు ఉన్నాయి. కూతురూ అల్లుడూ అమెరికాలో ఉంటున్నారు.

"డాక్టరుగారూ, కిందటేడు అక్టోబరులో మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. అక్కడ నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్ గివింగ్ పండుగ. ఆ నెలంతా వాళ్ల చర్చిలో కృతజ్ఞత గురించే ప్రసంగాలు. సణుగుడు మానుకోవాలి, ఉన్నదానికి దేవుణ్ణి స్తుతించాలి, ఓర్పు కలిగి ఉండాలి అని చెప్పారు. నా మనసుకు బాగా పట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మేడమెట్లు ఎక్కుతుంటే గుండెల మీద బండ పెట్టినట్టుండేది. ఎడమ దవడ లాగేది. రెండు నిమిషాలు కూర్చుంటే తగ్గిపోయేది. ఇంట్లో పండుగ, ఇరవైమంది భోజనాలు. పైగా అక్కడి ఆస్పత్రి ఖర్చులు అల్లుడి నెత్తిన ఎందుకు వేయాలి? ఓర్చుకున్నాను. తిరిగొచ్చాక ఇక్కడి డాక్టరు పరీక్షించి, గుండె రక్తనాళంలో అడ్డు ఉందని మందులిచ్చారు. ఇప్పుడు మళ్లీ వెళుతున్నాను. అలా దాచుకోవడం తప్పని మా అమ్మాయి కోప్పడుతోంది. ఓర్చుకోవడం తప్పెలా అవుతుంది?"

అమ్మా, మీ అమ్మాయిదే న్యాయం. మీకు వచ్చినదాన్ని మేము ఆంజైనా అంటాం. నడిచినప్పుడో, మెట్లెక్కినప్పుడో గుండె కండరానికి ఎక్కువ రక్తం కావాలి. నాళం ఇరుకైతే ఆ అదనపు రక్తం అందదు. అందక గుండె పెట్టే మొరే ఆ బరువు. కూర్చుంటే పని తగ్గుతుంది గనుక మొర ఆగుతుంది. నాళం మాత్రం ఇరుకుగానే ఉంటుంది. ఆ ఇరుకులో ఎప్పుడైనా ఓ చిన్న రక్తపు గడ్డ పడిందంటే అది గుండెపోటు. ఆడవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో ఇది సినిమాల్లో చూపించినట్టు ఛాతీ పట్టుకుని పడిపోయేలా రావాలని లేదు. ఆయాసం, దవడలోనో వీపులోనో లాగడం, చెమట, కడుపులో మంట, కారణం తెలియని నీరసం - ఇలా కూడా వస్తుంది. అందుకే "గ్యాసు"గా, "వయసు"గా, చివరికి "దేవుడు పెట్టిన పరీక్ష"గా కొట్టుకుపోతుంది.

పాస్టరుగారితో నాకు పేచీ లేదు. ఆయన చెప్పిన ఓర్పు వేరు, మీరు పట్టిన ఓర్పు వేరు. మీ బైబిలులోనే చూడండి. పదిమంది కుష్ఠరోగుల కథ థ్యాంక్స్ గివింగ్ నాడు చాలా చర్చిల్లో చదువుతారు. తొమ్మిదిమంది వెళ్లిపోయారు, ఒక్కడు తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పాడు, వాడూ సమరయుడు, అనేదే అందరూ చెబుతారు. ఆ ఒక్కడు అంతకుముందు ఏం చేశాడో ఎవరూ పట్టించుకోరు. మిగతా తొమ్మిదిమందితో కలిసి దూరాన నిలబడి, తన జబ్బు గురించి గొంతెత్తి కేక వేశాడు! ముందు కేక, ఆ తర్వాత స్తుతి. ఇంకో సంగతి. యేసు వాళ్లను యాజకులకు కనబరచుకోమన్నాడు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం చర్మరోగాన్ని పరీక్షించి, తగ్గిందో లేదో తేల్చవలసినవాడు యాజకుడే. అంటే ఒక విధంగా పరీక్ష చేయించుకు రమ్మనడమే. యెరికో దారిలోని గుడ్డివాడు బర్తిమయిని నోరు మూసుకోమని జనం గద్దిస్తే ఇంకా గట్టిగా అరిచాడు. తిమోతికి తరచూ కడుపు జబ్బు చేస్తుంటే, ఓర్చుకోమని కాదు, ఆ కాలానికి తెలిసిన మందు పుచ్చుకోమని పౌలు ఉత్తరం రాశాడు. వీళ్లెవరినీ సణిగేవాళ్లని ఎవరూ అనలేదు.

తెలుగు బైబిలులో దీర్ఘశాంతం అని ఒక మాట ఉంది, ఓర్పు అని ఇంకొకటి ఉంది. గ్రీకు మూలంలోనూ ఇవి రెండు వేర్వేరు మాటలు. మొదటిది ముఖ్యంగా మనుషుల పట్ల, తొందరపడి కోపం తెచ్చుకోకపోవడం. రెండోది కష్టం కింద కుంగకుండా నిలబడడం. సారా ష్నిట్కర్ అనే అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త 2012లో ప్రచురించిన పరిశోధనలో ఓర్పును మూడు రకాలుగా విడదీసింది: మనుషులతో ఓర్పు, పెద్ద కష్టాల్లో ఓర్పు, రోజువారీ చికాకుల్లో ఓర్పు. మీ పండుగ వంటింట్లో మొదటిదీ మూడోదీ ఎంత ఉంటే అంత మంచిది. మనవడు కూర ఒలకబోసినా, వియ్యపురాలు ఉప్పు తక్కువైందన్నా కోపం తెచ్చుకోకపోతే మీ రక్తపోటుకు మేలే. రెండోది మాత్రం జబ్బు పేరు తెలిసి, వైద్యం మొదలుపెట్టాక పనికొచ్చేది. రోజూ మాత్ర వేసుకోవడానికి ఓర్పు కావాలి. ఉప్పు తగ్గించడానికి, రోజూ నడవడానికి ఓర్పు కావాలి. పేరు తెలియని నొప్పిని దాచడానికి ఓర్పు అని పేరు పెట్టకండి.

కృతజ్ఞత ఒంటికి మంచిదేనా అని కూడా అడిగారు. మంచిదే. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే ఇద్దరు 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరు విద్యార్థుల చేత వారానికోసారి, తాము కృతజ్ఞతగా ఉండదగ్గ విషయాలు ఐదు వరకూ పది వారాలపాటు రాయించారు. ఇంకొందరి చేత చికాకులు రాయించారు. మొదటివాళ్లు ఒంట్లో బాగోలేదనడం తగ్గింది, వ్యాయామం పెరిగింది. నరాలు, కండరాల జబ్బులున్నవాళ్ల చేత రోజూ అలా 21 రోజులు రాయిస్తే, నిద్ర మెరుగైందని చెప్పారు. ఆ తర్వాత జరిగిన పరిశోధనలు ఎన్నో. అన్నీ కలిపి చూస్తే ప్రయోజనం ఉంది గాని కొద్దిగానే. రాత్రి ప్రార్థనకు ముందు ఐదు మంచి సంగతులు తలుచుకోండి, నిద్ర పట్టవచ్చు. దానివల్ల రక్తనాళంలో అడ్డు కరగదు. బి.పి. మాత్ర మానడానికి అది సాకు కాదు.

నిజానికి ఈ పండుగ పుట్టుకే నొప్పిని దాచుకున్నవాళ్లది కాదు. 1620లో మేఫ్లవర్ ఓడలో వెళ్లిన 102 మందిలో దాదాపు సగంమంది మొదటి చలికాలంలోనే చనిపోయారు. మిగిలినవాళ్లు 1621లో పంట చేతికొచ్చాక, పొరుగున ఉన్న వాంపనోగ్ తెగవాళ్లతో కలిసి మూడు రోజులు విందు చేసుకున్నారు. (ఆ తెగలకు తర్వాత జరిగిన అన్యాయం చిన్నది కాదు. 1970 నుంచి కొందరు ఆదివాసులు అదే రోజున ప్లిమత్‌లో సంతాపదినం జరుపుతున్నారు.) అంతర్యుద్ధం సాగుతుండగా 1863లో లింకన్ దేశమంతటికీ కృతజ్ఞతా దినం ప్రకటించినప్పుడు, అదే ప్రకటనలో విధవల కోసం, అనాథల కోసం, దుఃఖంలో ఉన్నవాళ్ల కోసం ప్రార్థించమన్నాడు. నాలుగో గురువారం అని చట్టం చేసింది 1941లో. ఆ రోజు అమెరికా చర్చిల్లో పాడే "నౌ థ్యాంక్ వి ఆల్ అవర్ గాడ్" అనే కీర్తన రాసినాయన మార్టిన్ రింకార్ట్, జర్మనీలో ఐలెన్‌బర్గ్ అనే ఊరి పాస్టరు. 1637లో అక్కడ మహమ్మారి వచ్చి, ఆ ఒక్క ఏడాదే నాలుగు వేలకు పైగా శవాలకు ఆయన అంత్యక్రియలు జరిపించాడు. ఆయన భార్య కూడా ఆ ఏడాదే పోయింది. అంత దుఃఖం ఎరిగినవాడి స్తుతి అది.

ఇక పండుగ రోజు సంగతి. మీ గుండె కంటె ముందు నాకు మీ షుగరు గురించే భయం. ఆ విందు చాలా ఇళ్లలో మధ్యాహ్నం మూడుకో నాలుగుకో మొదలవుతుంది. పెద్ద భోజనం ఉందిగదా అని పొద్దుట్నుంచి ఏమీ తినకుండా కూర్చునేవాళ్లు ఉంటారు. మీరు వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్ర ఆగదు, దాని పని అది చేస్తూనే ఉంటుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకూ ఇంతే. మధ్యాహ్నం రెండయ్యేసరికి చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, చూపు మసకబారుతుంది, మాట తికమకవుతుంది. కృతజ్ఞతా ప్రార్థన జరుగుతోంది, మధ్యలో లేవడం మర్యాద కాదని అలాగే కూర్చుంటే స్పృహ తప్పవచ్చు. ఇక్కడ మర్యాద చూడకండి. మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలుపుకుని గాని, అరగ్లాసు పళ్లరసం గాని తాగండి. పావుగంటలో షుగరు 70 దాటకపోతే మళ్లీ తాగండి. ఆ తర్వాత ఏదైనా తినండి. అసలు ఇదంతా రాకుండా, ఇంట్లో ఎప్పుడు తింటారో ఆ వేళకే చిన్న భోజనం చేసి, విందులో చిన్న పళ్లెం తీసుకోండి. ఆ రోజు మాత్ర ఎలా సర్దుకోవాలో వెళ్లేముందే మీ డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఆ పళ్లెంలో తీపి కంటె ఉప్పు మోసగత్తె. షాపుల్లో అమ్మే టర్కీ కోళ్లలో చాలావాటికి ముందే ఉప్పునీరు ఎక్కిస్తారు. పెట్టె మీద రాసి ఉంటుంది, అమ్మాయిని చదవమనండి. రొట్టెముక్కల స్టఫింగ్‌లో, డబ్బా గ్రేవీలో కూడా ఉప్పే. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఆ రాత్రికే కాళ్లు వాచి ఆయాసం రావచ్చు. గుమ్మడికాయతో చేసే పంప్‌కిన్ పై రెండు చెంచాలు రుచి చూడండి, ఫరవాలేదు. పండుగ సెలవుల్లో సారా పుచ్చుకుని గుండె లయ తప్పి ఆస్పత్రికి వచ్చేవాళ్లను చూసి, 1978లోనే అక్కడి డాక్టర్లు దానికి "హాలిడే హార్ట్" అని పేరు పెట్టారు. ఇది మీకు కాదు, అల్లుడిగారి స్నేహితులకు.

ఖర్చు సంగతి రాశారు. మీ భయానికి అర్థం ఉంది. కాని అక్కడ 1986 నుంచి ఒక చట్టం ఉంది. ప్రాణాపాయంతో ఎమర్జెన్సీ విభాగానికి వచ్చినవాళ్లను, డబ్బు చెల్లించగలరా లేదా అని చూడకుండా, ఆస్పత్రులు పరీక్షించి కుదుటపరచవలసిందే. బిల్లు తర్వాత వస్తుంది, అది నిజం. ఆర్థిక సహాయానికి దరఖాస్తు పెట్టుకునే వీలు చాలా ఆస్పత్రుల్లో ఉంది. ప్రయాణపు బీమా తీసుకునేటప్పుడు, పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే ఇస్తారా ఇవ్వరా అన్నది ముందే తేల్చుకోండి. చాలా పాలసీల్లో మెలిక అక్కడే.

ఇక అల్లుడి మీద భారం వేయకూడదన్న మాట. 2008లో ముగ్గురు పరిశోధకులు కొందరికి 5 డాలర్లో 20 డాలర్లో ఇచ్చి, సాయంత్రంలోగా ఖర్చు పెట్టమన్నారు. తమకోసం ఖర్చు పెట్టుకున్నవాళ్ల కంటె, ఇతరులకు పెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. ఎంత ఇచ్చారన్నది తేడా తేలేదు. ఇచ్చేవాళ్లకు ఆ సంతోషం దక్కాలంటే పుచ్చుకునేవాళ్లు ఉండొద్దా? మీ గుంటూరులోనే చూడండి. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి వచ్చి, 1898లో ఆడవాళ్ల కోసం ఆస్పత్రి తెరిచింది. అక్కడి లూథరన్ స్త్రీలు పంపిన చందాల అండ దానికి ఉంది. మన అమ్మమ్మలు ఆ ఆస్పత్రికి వెళ్లడానికి సిగ్గుపడలేదు. కూతురి దగ్గర మీకెందుకమ్మా సిగ్గు?

వెళ్లేముందు గుండె డాక్టరుకు ఒకసారి చూపించుకుని, విమానప్రయాణానికి సరేననిపించుకోండి. ఉండే రోజులన్నిటికీ సరిపడా మందులు, ఇంగ్లీషులో రాసిన చీటీతో సహా, చేతిసంచీలోనే పెట్టుకోండి. మన డాక్టరు చీటీకి అక్కడి మందుల షాపులో మందులివ్వరు. నాలుక కింద పెట్టుకునే మాత్ర ఎప్పుడూ దగ్గరుండాలి. నొప్పి వస్తే కూర్చుని ఒకటి పెట్టుకోండి, నిలబడి పెట్టుకుంటే కళ్లు తిరుగుతాయి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 911కు ఫోను చేయించండి. ఇంట్లో ఇరవైమంది ఉన్నా సరే, ప్రార్థన జరుగుతున్నా సరే. అల్లుడి కారులో బయలుదేరకండి. అంబులెన్సులోనే వైద్యం మొదలవుతుంది. ఇంగ్లీషు రాదని జంకకండి, దుబాసీని ఫోనులో పిలిపించే ఏర్పాటు అక్కడి ఆస్పత్రుల్లో ఉంటుంది.

మిగిలిన టర్కీ మాంసం వారమంతా తినవచ్చా అని చివర్లో అడిగారు. తినకూడదు. వండిన రెండు గంటల్లోగా ఎముకల నుంచి విడదీసి, చిన్న గిన్నెల్లో ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది. అంతకుమించి కావాలంటే మొదటిరోజే ఫ్రీజర్‌లో పెట్టించండి. తినేముందు పొగలొచ్చేదాకా వేడి చేయండి. గ్రేవీ అయితే మరిగించాలి.