నూనెలో ఏనుగులు, నవల్లో చరిత్ర

మొన్న మా ఆఫీసు క్యాంటీన్లో నలుగురు తెలుగువాళ్ళం కూర్చుని మాటామాటా అనుకున్నాం. రిలీజు గురించి అనుకునేరు, కాదు. అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి' గురించి. ఆ పుస్తకం అందరికీ తిప్పింది నేనే. అనుభవించాను!

ఒకాయన 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమా చూసి నవల పట్టుకున్నాడు. అందులో అల్లు అర్జున్ మాట్లాడిన యాస ఇందులో లేదని నిష్ఠూరం. ఇంకొకాయన "ఇదంతా కల్పన, చరిత్ర కాదు, అరవయ్యో పేజీలో ఆపేశా" అన్నాడు. ఒకావిడ "ప్రతి అక్షరం నిజం, మా తాతగారు చెప్పారు" అంది. ఆఖర్న అసలు బాణం వదిలారు... "భీమవరం ఆయనకి ఓరుగల్లు సంగతేం తెలుసండీ?"

ముందు ఈ ఆఖరి మాట సంగతి చూద్దాం. బాపిరాజు గారు 1895లో భీమవరంలో పుట్టారు, నిజమే. 1940లలో హైదరాబాదులో 'మీజాన్' తెలుగు పత్రిక సంపాదకులుగా కూడా ఉన్నారు. సరే, ఉండకపోయినా ఏమయ్యేది? రచయిత లోకల్ సర్టిఫికెట్ చూసి నవల చదివే పద్ధతి పెట్టుకుంటే, మన అలమరాల్లో మిగిలేవి ఎన్ని?

ఇహ "చరిత్ర కాదు" అనే మేధావుల దగ్గరికి వద్దాం. బాబూ, చరిత్ర కాదని తేల్చడానికి నువ్వు చూసిందేమిటి? రుద్రమ పాలన 1262 నుంచి 1289 దాకా అంటారు. ఆవిడ మరణాన్ని చెప్పేది నల్గొండ వైపు చందుపట్ల శాసనం. గన్నారెడ్డి పేరు కనిపించేది రాయచూరు కోట గోడలోని పొడుగాటి రాయి మీద, 1294లో, అంటే ప్రతాపరుద్రుడి కాలంలో. ఆయన కింద పనిచేసిన విఠలుడు ఆదవోని, తుంబళం లాంటి కోటలు పట్టుకుని, రాయచూరు కోట కట్టించాడని అందులో ఉంది. నవల్లోనేమో గన్నారెడ్డి రుద్రమ ఇంకా మగవేషంలో ఉన్న రోజులకే కుర్ర వీరుడు. తీసివేత చెయ్యండి. అప్పటికి పాతికేళ్ళనుకుంటే, రాయి చెక్కించే నాటికి అరవైకి దగ్గర పడతాడు. అసాధ్యమేమీ కాదు!

ఇంకో సంగతి. నవల్లో కథానాయిక అన్నాంబిక ఆదవోని పిల్ల. పెళ్ళిపీటల దగ్గర్నుంచి గన్నారెడ్డి ఎత్తుకుపోయేది పెళ్ళికూతుర్ని కాదు, పెళ్ళికొడుకుని! రాతి మీద యుద్ధం జరిగిన ఊరికే నవల్లో ప్రేమకథ వచ్చింది. ఇది ఊరికే కుదిరిందని నేననుకోను. శాసనం చదివిన మనిషే, దాని చుట్టూ పందిరి వేశాడని నా అనుమానం.

అలాగని "ప్రతి అక్షరం నిజం" బ్యాచికి నేను దొరకను. ఆ పెళ్ళికొడుకు వ్యవహారం ఏ శాసనంలో ఉందో చూపించండమ్మా, దణ్ణం పెడతాను. పందిరిని పట్టుకుని గుడి అనడం కూడా ఆ అరవయ్యో పేజీ జబ్బే. ఇద్దరూ నవల్ని నవలగా చదవలేదు. ఒకరు పడేశారు, ఒకరు పూజలో పెట్టారు.

మా బోధన్ నుంచే ఒక ఉదాహరణ ఇస్తాను. పదో శతాబ్దంలో పంపకవి తన 'విక్రమార్జున విజయం'లో వేములవాడ చాళుక్యుల వంశం చెబుతూ, వాళ్ళ పూర్వీకుడు యుద్ధమల్లుడు బోధన్‌లో అయిదువందల ఏనుగులకి నూనెలో స్నానం చేయించాడని రాశాడు. నేను ఆ ఊరివాణ్ణి. మిరపకాయ బజ్జీలకి నూనె పోస్తేనే మా అమ్మ లెక్క చూసేది, అయిదువందల ఏనుగులకి ఎక్కణ్ణుంచి తెచ్చారో! అయినా పంపణ్ణి ఎవరూ అవతల పారెయ్యలేదు. ఆ రాజుల సంగతులు చెప్పుకోవాలంటే ఇప్పటికీ ఆయన గడపే తొక్కాలి. నూనె వడగట్టుకోవడం చదివేవాడి పని.

బాపిరాజు గారిలో నాకూ నచ్చనివి ఉన్నాయి. హీరోకి ఒక్క బగ్ కూడా ఉండదు. వర్ణన మొదలుపెడితే గుర్రం దిగడానికి రెండు పేజీలు. కాకతీయులంటే నాకు ముందు చెరువులు గుర్తొస్తాయి, నిజాంసాగర్ కాలవ నీళ్ళతో పెరిగినవాణ్ణి కదా. ఆ చెరువులు తవ్విన మనుషులు కత్తుల మెరుపుల్లో నా కంటికి ఆనలేదు. ఇలాంటి గొడవ పెట్టుకోండి, కాదనను. పూర్తిగా చదివి పెట్టుకోండి.

నేను తొమ్మిదో తరగతిలో ఇది చదువుతూ మా కాకాని "గిదంత నిజమేనా?" అని అడిగితే, "ముందుగాల సదువురా, నిజమో కాదో తర్వాత ఎతుక్కుందువు" అన్నాడు. వెతుక్కోవాలనిపించింది కాబట్టే రాయచూరు వెళ్ళి ఆ రాయి చూశాను. సినిమా మాత్రమే చూసుంటే వెళ్ళేవాణ్ణి కాదేమో.

మా ఊరికి అలాంటి నవల ఒకటీ నా చేతికి రాలేదు. నిజాంసాగర్ 1931కి పూర్తయింది, శక్కర్‌నగర్లో 1937లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది, 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు బళ్ళ వరసలు, సైరన్ మోతకి గడియారాలు సరిచేసుకున్న ఇళ్ళు, అన్నీ చరిత్రలోకి జారిపోతున్నాయి. రేపెవరో అక్కడొక ప్రేమకథ పెట్టి రాస్తారు. రాయాలి కూడా. అప్పుడు "ఆ పేరుగలవాడు ఆ షిఫ్టులో లేడు" అని అరవయ్యో పేజీలో ఆపేసేవాళ్ళు మనలో ఎంతమంది?