నీటి ఎద్దడి – నిజమైన లాభం

నీరు లేక పైరెండుట రాయలసీమవాసులు ఎరిగినదే. నీరు లేక పరిశ్రమ ఎండుటను మనం అంతగా గమనించము. మన డోన్ చెంతనే ఉన్న బేతంచెర్లలో నాపరాతిని కోసి పాలిష్ చేయడానికి ఎడతెగని నీటిధార కావాలి. అది ఆగితే రంపం వేడెక్కుతుంది, దుమ్ము లేస్తుంది. పని నిలిచి కూలివాని పొయ్యి చల్లారుతుంది.

లోతుగా బోరు వేసి ట్యాంకర్లతో నీరమ్మేవారికి ఈ కరువే బేరం. పొరుగు బావిని ఎండగట్టిన లాభం ఎన్నాళ్లు నిలుస్తుంది? రాతిపొడి కలిసిన నీటిని తొట్లలో తేర్చి తిరిగి వాడుకోవడంలోనే నిలకడైన లాభమున్నది. 2023లో హంద్రీ–నీవా జలాలను లక్కసాగరం వద్ద ఎత్తిపోసి ఈ ప్రాంతపు చెరువులకు మళ్లించారు. చెరువు నిండినా పొదుపు మరువరాదు.

వాణిజ్యశాస్త్రం చదివే మన విద్యార్థులు జమాఖర్చుల పుస్తకంలో నీటికొక పద్దు వ్రాయడం నేర్వాలని మా విన్నపం.