అడుగు ఎవరిది?

మన ఇళ్ళలో పిల్లలకు నేర్పించదగిన కళల జాబితా ఒకటి ఉంది. ఎవరూ కాగితం మీద రాయలేదు గాని అందరికీ కంఠతా వచ్చు. ఆడపిల్లయితే సంగీతమో, కూచిపూడో. మగపిల్లవాడయితే మృదంగమో, కీబోర్డో. అదయినా పదో తరగతి వచ్చేవరకే. ఆ తరువాత కాలి గజ్జెలు విప్పించి చేతికి గైడు పుస్తకం ఇస్తాం.

ఈ జాబితాలో జాజ్ నాట్యం లేదు. అందుచేత, అమెరికాలో ఇంజనీరింగు చదువుతున్న మా మేనకోడలు, విద్యార్థులు తమంతట తాము నడుపుకునే ఒక సంఘంలో వారానికి రెండు సాయంకాలాలు జాజ్ నాట్యం నేర్చుకుంటున్నానని చెప్పేసరికి మా అక్కయ్యకు నిద్రపట్టలేదు.

"అప్పుచేసి చదువుకి పంపిస్తే గెంతులు నేర్చుకుంటోందిరా. నువ్వు మేష్టరువి, నువ్వు చెబితే వింటుంది" అంది నాతో.

చెప్పేముందు అడగడం మంచిదని, ఆ గెంతులేమిటో చెప్పమ్మా అన్నాను. ఆ పిల్ల చెప్పింది, నేను కొంత చదివాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఇందులో ఇంత పని ఉంటుందని అనుకోలేదు.

న్యూయార్కు నగరంలో నల్లజాతి వారు ఎక్కువగా ఉండే పేట హార్లెం. అక్కడ 1926 మార్చి 12న సవాయ్ బాల్‌రూం అనే నాట్యశాల తెరిచారు. లెనాక్స్ ఎవెన్యూ మీద 140, 141 వీధుల మధ్య ఉన్న చోటంతా ఆ ఒక్క శాలే. ఆ దేశంలో నల్లవారికీ తెల్లవారికీ వేరు తలుపులు, వేరు బెంచీలు ఉన్న రోజుల్లో అక్కడ మాత్రం అందరికీ ఒకే నేల. పగలంతా కష్టపడిన కుర్రకారు రాత్రి అక్కడికి చేరి లిండీ హాప్ అనే జంట నాట్యాన్ని పెంచి పెద్దచేశారు. 1958లో ఆ శాల మూతపడింది. నాట్యం మూతపడలేదు.

జంట లేకుండా, అందరూ వరసగా నిలబడి ఒక్కలా ఆడేవి కూడా ఉన్నాయి. వాటిని రొటీన్లంటారు. ముందుగా కూర్చి పెట్టుకున్న అడుగుల వరస అన్నమాట. మా పిల్ల మొదట నేర్చినది షిమ్ షామ్. 1920ల చివర ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే లెనార్డ్ రీడ్, విల్లీ బ్రయంట్ అనే ఇద్దరు దీన్ని కూర్చారు. మొదట ఇది టాప్ నాట్యం. బూట్ల అడుగున రేకులు బిగించి నేలమీద తాళం పలికించే ఆట. ఇందులో ప్రధానమైన అడుగులు నాలుగే. ఎవరికైనా పట్టుబడతాయి గనుక ప్రదర్శన చివర నటులందరూ స్టేజీ మీదికొచ్చి ఇది ఆడి ముగించేవారు. మన మంగళహారతి లాగా.

నాలుగే కదా అనుకోకండి. లెక్క ఉంది. పాట ఒక చుట్టు తిరగడానికి 32 బార్లు, బారుకు నాలుగు దెబ్బలు. ఒక్కొక్క అడుగుకు ఎనిమిదేసి బార్లు. మొదటి అడుగును మూడుమార్లు వేసి నాలుగోసారి విరవాలి. పైగా మొదటి అడుగు "ఒకటి" మీద పడదు; దానికి ముందున్న "ఎనిమిది" మీద పడుతుంది. తాళానికి ముందే పాట ఎత్తుకుంటే మన సంగీతం వాళ్ళు అతీత గ్రహం అంటారే, ఆ బాపతు.

మా పిల్ల చిన్నప్పుడు ఆరేళ్ళు కూచిపూడి నేర్చింది. ఎనిమిది లెక్కపెట్టడం ఆదితాళంలో అలవాటే. అరమండి వల్ల మోకాళ్ళు వంగి ఉండడమూ అలవాటే. కాని మన తాళంలో బలం "ఒకటి" మీద ఉంటుంది. అక్కడ చప్పట్లు రెండు, నాలుగు మీద. మన నాట్యంలో నడుము నిటారు. అక్కడ పరుగు పందెంలో ఉన్నవాడిలా ఒళ్ళు ముందుకు వాలాలి. "నా కాళ్ళు వచ్చాయిగాని నా వెన్ను రెండు నెలలు మాట వినలేదు మామయ్యా" అంది.

నన్ను నిజంగా ఆకర్షించినది ఆ నడక. జాజ్‌లో ఒక్కొక్క దెబ్బను రెండు ముక్కలు చేస్తే అవి సమానంగా ఉండవు. మొదటిది సాగుతుంది, రెండోది చిన్నది. సుమారుగా రెండు మాత్రలూ, ఒక మాత్రా. అంటే గురువు, లఘువు. మన ఛందస్సులో అది హగణం, సూర్యగణాల్లో ఒకటి. ఆటవెలది పాదం మొదలయ్యేది సూర్యగణాలతోనే. క్లాసులో గణాలు చెప్పేటప్పుడు ఆవలించే కుర్రాళ్ళకు ఈ మాట చెబితే ముగ్గురు నలుగురు బెంచీ మీద తాళం వేసి చూసుకున్నారు. ఛందస్సు చెప్పినందుకు నాకు దక్కిన మొదటి చప్పుడు అది.

ఏడాది గడిచాక, వసంతకాలపు ఉత్సవానికి కొత్త రొటీన్ కూర్చమని ఆ సంఘంలోని పెద్ద విద్యార్థులు మా పిల్లకు చెప్పారు. రెండున్నర నిమిషాల పాట, ఎనిమిదిమంది ఆటగాళ్ళు. కొత్తగా పద్యం రాసేవాడు తనకు తెలిసిన సమాసాలన్నీ మొదటి పద్యంలోనే కూరుతాడు. ఈ పిల్లా అదే చేసింది. 1939 నాటి 'కీప్ పంచింగ్', 1941 నాటి 'హెల్జాపాపిన్' అనే పాత సినిమాలు చూసి, కంటికి నచ్చిన అడుగునల్లా ఏరి దండ గుచ్చింది. సాధన మొదటిరోజున ఒక సీనియరు చూసి రెండు ప్రశ్నలు వేసిందిట. ఊపిరి తీసుకునే చోటు ఏదీ? ఈ అడుగులు ఎవరివి?

మొదటిదానికి మందు దొరికింది. ఆ పాటలో ఒకే వరస రెండుసార్లు వచ్చి, మూడోసారి మారి, నాలుగోసారి మళ్ళీ వస్తుంది. ఆ వరస తిరిగి వచ్చినప్పుడల్లా అదే అడుగు తిరిగి వచ్చేలా చేసింది. మధ్య భాగంలో ఒక్కొక్కరు తమ సొంత ఆట ఆడుకునేందుకు చోటు విడిచింది. కూర్చిన దానిలో మూడోవంతు తీసేసింది.

రెండో ప్రశ్న మాత్రం ఆ పిల్లను ఏడుపు దాకా తీసుకువెళ్ళింది. రాత్రి పన్నెండింటికి పాఠ్యపుస్తకాలు పక్కకు నెట్టి, ఆ పాత సినిమాల్లో ఆడినవాళ్ళెవరో వెతకడం మొదలుపెట్టింది.

అలా దొరికినవాడు ఫ్రాంకీ మానింగ్. 1914లో పుట్టి, సవాయ్‌లో పెరిగిన ఆటగాడు. 1935లో జోడీని గాలిలోకి తిప్పి దింపే అడుగును లిండీ హాప్‌లోకి తెచ్చాడు. పలువురు జంటలు ఒక్కలా ఆడేలా అడుగులు కూర్చాడు. 'హెల్జాపాపిన్'లో ఆ గాలిదుమారం లాంటి ఆట అతనూ, నార్మా మిల్లర్ మొదలయిన అతని తోటివారూ ఆడినదే. తరువాత యుద్ధానికి వెళ్ళాడు. తిరిగొచ్చి కొన్నాళ్ళు సొంత బృందం నడిపాడు. 1950ల నడుమకు లోకం రుచి మారింది. ఆయన పోస్టాఫీసు ఉద్యోగంలో చేరి 30 ఏళ్ళకు పైగా చేశాడు. 1986లో కాలిఫోర్నియా నుంచి నాట్యం నేర్చుకోదలచిన యువతీయువకులు ఆయన జాడ తెలుసుకుని ఫోను చేశారు. డెబ్బయ్యో పడి దాటిన ఆ మనిషి మళ్ళీ లేచి, దేశదేశాలు తిరిగి పాఠం చెప్పాడు. 1989లో బ్రాడ్వే నాటకానికి నాట్యం కూర్చినందుకు టోనీ బహుమతి అందుకున్నాడు. షిమ్ షామ్‌ను రేకుల బూట్లు లేకుండా ఆడేలా ఇప్పటి పిల్లలకు అందించింది ఆయనే. 2009 ఏప్రిల్‌లో, 95 నిండడానికి నెలరోజుల ముందు కన్నుమూశాడు.

అదే వెతుకులాటలో ఇంకో కథ తగిలింది. 1930లలో దక్షిణ కరోలైనా రాష్ట్రంలోని కొలంబియా ఊళ్ళో నల్లవారి నాట్యశాల ఒకటి ఉండేది. తెల్ల విద్యార్థులు కొందరు మేడమీద కూర్చుని, కింద ఆడేవాళ్ళను చూసి ఆ అడుగులు పట్టుకుపోయారు. మన గొబ్బిలాగా గుండ్రంగా నిలబడి, నడుమనున్నవాడు కేకేసిన అడుగల్లా వేసే ఆట. దానికి బిగ్ యాపిల్ అని పేరొచ్చి, 1937లో దేశమంతా ఊగింది. న్యూయార్కులో పెద్ద థియేటరు ఎక్కింది మాత్రం ఆ మేడమీది విద్యార్థులు. కింద ఆడినవాళ్ళు ఎవరని అడిగితే ఇవాళ చెప్పడం కష్టం.

నేర్చుకోవడం తప్పు కాదు. హార్లెంలోనే హూఫర్స్ క్లబ్బు అని టాప్ ఆటగాళ్ళ గది ఒకటుండేది. ఒకరి అడుగు ఇంకొకరు తీసుకోవచ్చు, కాని ఉన్నదున్నట్టు ఆడరాదన్నది అక్కడి రాయని శాసనం. నీది కొంత కలపాలి. కవిత్వానికీ ఇంతకన్న మంచి నియమం నాకు తెలియదు. మన జాయప సేనాని 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి రాస్తూ ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు శాస్త్రీయమైన మార్గ నాట్యానికీ, నాలుగు జనం ఆడుకునే దేశి నాట్యానికీ ఇచ్చాడు. కాకతి గణపతిదేవుని గజసేనాపతికి ఊరి ఆటల మీద అంత గౌరవం ఉంది. హార్లెం ఆటగాళ్ళకు ఆనాడు అలాటి గ్రంథం లేదు. ఒంటినుంచి ఒంటికి దిగడమే దాని గ్రంథం. మధ్యలో ఒక తరం పక్కకు తప్పుకుంటే పుస్తకం చిరిగిపోయినట్టే.

పోయిన సెలవులకు వచ్చినప్పుడు మా కాలేజీలో పద్నాలుగుమంది ఆడపిల్లలకు మూడు వారాలపాటు షిమ్ షామ్ నేర్పింది. "అక్కా, వీడియో పంపించు, ఇంట్లో చూసి వచ్చేస్తాం" అన్నారు వాళ్ళు. మొదటి వారం పంపనంది. వాళ్ళకు వీపు తిప్పి నిలబడి, తన కుడి వాళ్ళ కుడి అయ్యేలా చూపించింది. మన నట్టువాంగం చొల్లులాగే అడుగును ముందు నోటితో పలికించి, తరువాతే కాలితో వేయించింది. "అక్కా, ఇక్కడ బరువు ఏ కాలిమీద?" అని ఒక పిల్ల అడిగితే మా పిల్ల ఠక్కున చెప్పలేకపోయింది. నాలుగుసార్లు వేసి, కిందికి చూసుకుని అప్పుడు చెప్పింది. ఏడాదిన్నరగా వేస్తున్న అడుగే! పాఠం చెప్పే వృత్తిలో ఉన్నవాళ్ళకు ఆ నాలుగుసార్లు ఏమిటో తెలుసు.

మార్కుల సంగతి అడుగుతారు కాబోలు. ఒక అర్ధసంవత్సరం తగ్గినమాట నిజం. వారానికి రెండు సాయంకాలాలను ఒకటి చేసుకుని సర్దుకుంది. మా అక్కయ్య ఇప్పటికీ "దీనివల్ల ఏం వస్తుంది?" అంటూనే ఉంది. ఉద్యోగం వస్తుందని నేను చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో పనిచేసినాయన కథ చెప్పాను. విని, "ఆ ముప్ఫై ఏళ్ళూ ఇంట్లోనయినా ఆడుకునేవాడేమో పాపం" అంది.

ప్రదర్శన నాడు పద్నాలుగుమందీ ఆట మొదలుపెట్టే ముందు రీడ్, బ్రయంట్, మానింగ్ పేర్లు చెప్పారు. ఉచ్చారణ కొంచెం అటూ ఇటూ అయింది. హాల్లో ఎవరికీ ఆ పేర్లు తెలియవు. అయినా చెప్పారు.

ఈసారి మీ అమ్మాయో అబ్బాయో కాలేజీ వార్షికోత్సవంలో ఏదయినా ఆడితే, బాగుందని మెచ్చుకున్న తరువాత, ఆ అడుగు ఎవరిదని కూడా ఒక్కమాట అడగండి. తెలియదంటే కోప్పడకండి. ఆ రాత్రికి వెతుక్కుంటారు.