కొన్నవాళ్లు నడపాలి



పాత స్పోర్ట్స్ కార్లు కొనడం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. ధరలు, వేలాలు, లాభాలు వివరంగానే రాశారు. 1955 నాటి మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ ఉలెన్‌హౌట్ కూపే 2022లో పదమూడున్నర కోట్ల యూరోలకు అమ్ముడైన సంగతి చెప్పి, మంచి కారు చూసి కొని, కవరు కప్పి, పదేళ్లు ముట్టుకోకుండా ఉంచితే చాలన్నట్టు ముగించారు. నా పేచీ ఆ ముగింపుతోనే. కదలకుండా ఉంచిన స్పోర్ట్స్ కారు కవరు కిందే పాడవుతుంది. దాన్ని కొన్నవాడు నడపాలి.

ఉలెన్‌హౌట్ కూపేలు తయారైనవే రెండు. వాటి ధర చూపించి మామూలు ఉద్యోగికి సలహా ఇవ్వడం, కోహినూరు ఖరీదు చెప్పి ముక్కుపుడక కొనమన్నట్టుంది. మాలాంటివాళ్లం కొనేది ఎంజీబీలు, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్లు. నేను ఇంగ్లండులో కోవెంట్రీలో ఉంటాను. నిరుడు 1978 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ ఒకటి కొన్నాను. ఇప్పుడు హైదరాబాదు రోడ్ల మీద ఎంజీ హెక్టర్ కార్ల ముందు కనిపించే అష్టభుజి గుర్తే దీని మీదా ఉంటుంది. ఎంజీ అనే పేరు ఈనాడు చైనా కంపెనీ చేతిలో ఉంది గానీ, ఈ కారు తయారైంది ఆక్స్‌ఫర్డు దగ్గరి ఆబింగ్డన్‌లో. 1962 నుంచి 1980 దాకా ఎంజీబీలు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. చాలా భాగం అమెరికాకు పోయాయి. ఆ దేశపు నిబంధనల కోసమే 1974లో క్రోము బంపర్లు తీసి నల్లటి రబ్బరు బంపర్లు పెట్టారు, కారు ఎత్తు కూడా కొంత పెంచారు. అందుకే వీటిని చూసి పెట్టుబడి లెక్కలవాళ్లు మొహం తిప్పుకుంటారు. మంచిదే. వాళ్లు తిప్పుకోబట్టే నాకు అందింది.

ఈ కారుకూ మన రోడ్లకూ ఒక చుట్టరికం ఉంది. మా మేనమామ రాజమండ్రిలో చాలాకాలం అంబాసిడర్ టాక్సీ నడిపారు. వీడియో కాల్‌లో బానెట్ ఎత్తి చూపిస్తే, “ఇది మన అంబాసిడర్ ఇంజనే కదరా, కాస్త బలిసింది” అన్నారు. ఆయన మాట నిజం. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ ఇంజన్లే. పాత పెట్రోలు అంబాసిడర్‌లో 1489 సీసీ, ఎంజీబీలో 1798. టాపెట్లు ఎలా సెట్ చేయాలో, ఫీలర్ గేజి ఎంత బిగువుగా జారాలో నాకు చెప్పింది ఆయనే.

ఇక అసలు విషయం. నాకు అమ్మిన పెద్దమనిషి కారును చాలా ఏళ్లు గ్యారేజీలో పెట్టి, మెత్తటి గుడ్డ కప్పి, నెలకోసారి సెల్ఫ్ కొట్టి, ఐదు నిమిషాలు తిప్పి ఆపేసేవారట. పెయింటు అద్దంలా ఉంది. రోడ్డెక్కితే మాత్రం ముందు డిస్కు బ్రేకులు ఒకవైపే పట్టి కారు పక్కకు లాగింది. విప్పి చూస్తే ఒక క్యాలిపర్లో పిస్టన్లు తుప్పుతో బిగుసుకుపోయి ఉన్నాయి. వెనక డ్రమ్ముల్లో వీల్ సిలిండర్లు కారుతున్నాయి. బ్రేకు హోసులు పైకి నిగనిగలాడుతూ లోపల ఉబ్బి ఉన్నాయి. టైర్ల గాడులు కొత్తవాటిలా ఉన్నా పక్కల సన్నగా నెరియలిచ్చాయి. ఆయన అశ్రద్ధ మనిషేం కాదు. కారును ప్రాణంగా చూసుకున్నాననే అనుకున్నారు.

ఎందుకిలా అవుతుందో మీ వ్యాసంలో ఒక్క ముక్క ఉంటే బాగుండేది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కారు కదలకపోతే ఆ తేమ పిస్టన్ల దగ్గరే ఉండి తుప్పు పట్టిస్తుంది. ట్యాంకులో పెట్రోలు నిలవైతే కార్బురేటర్లో జిగురులా పేరుకుంటుంది. పెట్రోల్లో ఇథనాల్ ఉంటే అది నీటిని పట్టి ఉంచుతుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలనూ మెత్తబరుస్తుంది. క్లచ్చు ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుపోవడమూ ఉంది. అన్నిటికన్నా చేటు ఆ నెలకోసారి ఐదు నిమిషాల పూజ. చల్లటి ఇంజను చోకు మీద తిరిగితే ఎక్కువైన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిలును కడిగేస్తుంది. ఆయిలు వేడెక్కేలోపే ఆపేస్తారు కనుక లోపల చేరిన నీటి ఆవిరి బయటికి పోదు. సైలెన్సర్ లోపలినుంచి కుళ్లుతుంది. అంతకంటే అరగంట, ముప్పావుగంట రోడ్డు మీద వేడెక్కేలా నడిపి, బ్రేకులు నాలుగైదుసార్లు గట్టిగా పట్టించి తెచ్చి పెట్టడం ఎంతో మేలు. వానాకాలమంతా నడపలేకపోతే అసలు స్టార్టు చేయకుండా వదిలేయడమే నయం.

రెండో సంగతి ఇంకా పెద్దది. ఎంజీబీకి ఈనాటికీ దొరకని విడిభాగం దాదాపు లేదు. బ్రేకు సీళ్ల నుంచి డాష్‌బోర్డు స్విచ్చుల దాకా కొత్తవి తయారవుతున్నాయి. కారు మొత్తం బాడీషెల్ కూడా, పాత ఫ్యాక్టరీ అచ్చులతోనే, 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ చేసి అమ్ముతోంది. ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. తలుపుల కింది సిల్లులు తుప్పు పడితే కారు నడుం విరిగినట్టే. కాబట్టి ఆ షెల్ దొరకడం చిన్న విషయం కాదు. ఇవన్నీ ఎవరి పుణ్యం? ప్రతి ఆదివారం నడిపి, అరగదీసి, విరగ్గొట్టి, మళ్లీ కొనుక్కునేవాళ్ల పుణ్యం. అందరూ కవరు కప్పి కూర్చుంటే బ్రేకు సీలు ఎవరు కొంటారు, ఎవరు చేస్తారు? మెకానిక్కు పనితనమూ అంతే. షెడ్డుకు కారు రాకపోతే ఆయన తర్వాత ఆ పని తెలిసినవాడు మిగలడు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. మా మామయ్య తరం మేస్త్రీలు ఒక్కొక్కరే షెడ్లు మూస్తున్నారు.

ఇక్కడ ఇంగ్లండులో చట్టం నడిపేవాడి పక్షాన ఉంది. 40 ఏళ్లు దాటిన కారును హిస్టారిక్ వాహనంగా నమోదు చేయించుకుంటే రోడ్డు పన్ను ఉండదు. గత 30 ఏళ్లలో పెద్ద మార్పులు చేయకపోతే, ఏటేటా బండి స్థితిని చూసే ఎంఓటీ పరీక్ష కూడా 2018 మే నుంచి తప్పనిసరి కాదు. కారు సరైన స్థితిలో లేకుండా రోడ్డెక్కిస్తే నేరం మాత్రం యజమానిదే. (నేను మాత్రం ఆ పరీక్ష చేయిస్తూనే ఉంటాను. బ్రేకుల్ని ఇంకో కన్ను చూడటం మంచిది.) బీమా కంపెనీలు ఏడాదికి ఇన్ని మైళ్లు అని ముందే ఒప్పుకుంటే తక్కువ ప్రీమియానికి పాలసీ ఇస్తాయి. 2021లో మామూలు పెట్రోలును పది శాతం ఇథనాల్‌కు మార్చినప్పుడు, పాత బండ్ల కోసం ఐదు శాతం దాటని రకాన్ని సూపర్ గ్రేడుగా బంకుల్లో ఉంచారు. ధర ఎక్కువే, కానీ దొరుకుతుంది.

ఇదే కారు విజయవాడలో ఉంటే? మన కేంద్రం 2021 జూలైలో మోటారు వాహనాల నిబంధనల్లో పాత వాహనాలకు ప్రత్యేక నియమాలు చేర్చింది. రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటితేనే వింటేజ్. అంటే 1978లో రిజిస్ట్రేషన్ అయిన కారు 2028 దాకా ఆగాలి. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, మళ్లీ పదేళ్లకు 5,000. నంబరు ప్లేటు మీద వీఏ అని గౌరవంగా రాస్తారు. అంతా బాగుంది. కానీ రోజువారీగా రోడ్డు మీద నడపకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పరిశోధనకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప బయటికి తీయకూడదు. కారును గుర్తించి, గౌరవించి, ఇంట్లో కూర్చోబెట్టడం ఇది. మీ వ్యాసం చెప్పిన కవరునే ప్రభుత్వమూ కప్పుతోంది. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు. 1978 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు.

పొగ సంగతి అడుగుతారు. నిజమే, దీనికి క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు, కిలోమీటరుకు వదిలే పొగ కొత్త కారుకంటే చాలా ఎక్కువ. అందుకే కిలోమీటర్లకు హద్దు ఉండాలంటాను. ఎయిర్‌బ్యాగులూ లేవు. వర్షంలో, రాత్రిపూట హైవే మీద లారీల మధ్య నేనూ దీన్ని తీయను. మ్యూజియంలో ఉండాల్సినవీ ఉన్నాయి. ఆరో నిజాం కోసం తెప్పించిన 1912 నాటి పసుపు పచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉండటమే న్యాయం. అది పోతే అలాంటిది ఇంకోటి రాదు. ఐదు లక్షల ఎంజీబీలకు ఆ మర్యాద అక్కర్లేదు.

కాబట్టి రవాణా శాఖకు మీ పత్రిక ద్వారా నా మనవి ఇది. వింటేజ్ గడువును 50 నుంచి 40 ఏళ్లకు దించండి. రోజువారీగా నడపకూడదన్న షరతు తీసి, ఏడాదికి ఐదువేల కిలోమీటర్ల లాంటి పరిమితి పెట్టండి. ఓడోమీటరు రీడింగు ఏటా నమోదు చేయించుకోమనండి, బ్రేకులూ టైర్లూ అప్పుడే చూడండి. పెద్ద నగరాల్లో కొన్ని బంకుల్లోనైనా తక్కువ ఇథనాల్ పెట్రోలు, ఎక్కువ ధరకైనా సరే, అమ్మించండి.

పాత స్పోర్ట్స్ కారు కొనాలనుకునే పాఠకులకూ ఒక మాట. చూడటానికి వెళ్లేముందు అమ్మేవారికి ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా ఇంజను స్టార్టు చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. పెయింటు గురించి తర్వాత అడగొచ్చు. చివరిసారి రోడ్డెక్కింది ఎప్పుడో, బ్రేకు ఆయిలు మార్చింది ఎప్పుడో ముందు అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే, బ్రేకులూ టైర్లూ మొత్తం మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించి బేరమాడండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కోవెంట్రీ, ఇంగ్లండు